నల్ల సంచిలో చేతులు

పోయిన నెల ఒక చిన్న సినిమా కలర్ గ్రేడింగ్ (తీసిన బొమ్మకి రంగులూ వెలుగూ సరిదిద్దే పని) కోసం మూడు రోజులు చీకటి గదిలో కూర్చున్నాను. కెమెరా పని నాదే. షూట్ చేసింది డిజిటల్‌లో, ఆరీ అలెక్సా మినీ మీద. రెండో రోజు మధ్యాహ్నం కలరిస్ట్ కుర్రాడు "అన్నా, ఫ్లాష్‌బ్యాక్‌కి ఫిల్మ్ లుక్ ఇద్దామా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే బొమ్మ మీద గ్రెయిన్, అంటే ఫిల్మ్ బొమ్మలో కనిపించే సన్నటి రేణువుల గరుకు, వేశాడు. నిలువుగా రెండు గీతలు పెట్టాడు, మూలన ఒక దుమ్ము మచ్చ పెట్టాడు, ఫ్రేము సన్నగా ఊగేలా చేశాడు. నా వైపు తిరిగి, "అప్పట్లో ఇలాగే ఉండేదా అన్నా?" అని అడిగాడు.

ఆ అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. ఫిల్మ్ ముక్క ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. ఆ గీతలూ ఆ దుమ్మూ పడకుండా చూడటానికే మేం రోజంతా ప్రాణం పెట్టేవాళ్ళమని చెప్పాను. షాట్ ఓకే అవగానే లెన్స్ తీసి, గేటులోకి (లెన్స్ వెనక ఫిల్మ్ నిలిచే చోటు) టార్చి వేసి, వెంట్రుక గానీ నలుసు గానీ ఇరుక్కుందేమో చూసేవాళ్ళం. ఉంటే, నటులు ఎంత బాగా చేసినా సరే, మళ్ళీ షాట్. అతను గీతలు తీసేశాడు, గ్రెయిన్ సగానికి తగ్గించాడు, పనిలో పడిపోయాడు. కానీ అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

నేను 2002లో తణుకు నుంచి కృష్ణానగర్ వచ్చాను. ముగ్గురం కలిసి ఒక గది. పొద్దున ఐదున్నరకు యూనిట్ బస్సు ఎక్కితే రాత్రి ఏ పదకొండుకో తిరిగి రావడం. ఆరు నెలలు తిరిగాక ఒక సీనియర్ కెమెరామెన్ దగ్గర చివరి అసిస్టెంట్‌గా చోటు దొరికింది. ఆయన మద్రాసులో పని నేర్చుకున్న మనిషి. మేమందరం గురువుగారు అనేవాళ్ళం, ఇక్కడా అలాగే రాస్తాను. మొదటి రోజు నాకు కెమెరా ముట్టుకోనివ్వలేదు. ఒక నల్ల సంచి, ఒక ఖాళీ మేగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్మ్ పెట్టె), నాలుగు వందల అడుగుల పాడైపోయిన నెగటివ్ రోల్ ఇచ్చి, "కళ్ళు మూసుకుని కాదు, కళ్ళు తెరిచి ఎదురుగా ఉన్న గోడని చూస్తూ లోడ్ చెయ్యి" అన్నారు.

ఆ నల్ల సంచిని ఛేంజింగ్ బ్యాగ్ అంటారు, ఫిల్మ్‌కి వెలుతురు తగలకుండా లోడ్ చెయ్యడానికి. చూడనివాళ్ళకు చెబుతాను. అది రెండు పొరల నల్ల గుడ్డ సంచి. రెండు జిప్పులు, చొక్కా చేతుల్లాంటి రెండు తొడుగులు, వాటి చివర బిగుతుగా ఎలాస్టిక్. మేగజైన్, మూత వేసిన ఫిల్మ్ డబ్బా లోపల పెట్టి, జిప్పులు మూసి, మోచేతుల దాకా చేతులు దూర్చాలి. ఇక అక్కడినుంచి చూపు లేదు. డబ్బా చుట్టూ ఉన్న టేపు ఊడదీసి, దాన్ని ఎక్కడా అంటుకోకుండా సంచి లోపలే ఒక మూలన అతికించాలి. మూత తీస్తే లోపల నల్ల కవరు, కవరులో రోలు. కొత్త రోలైతే కొసకి చిన్న టేపు ముక్క తగులుతుంది. దాన్ని తీసి, కొసను మేగజైన్ నోట్లోంచి బయటికి లాగి, గేటులో నడవడానికి కావలసినంత లూపు వదిలి, మళ్ళీ లోపలికి పంపి, ఖాళీ కోర్‌కి (ఫిల్మ్ చుట్టుకునే ఇరుసు) చుట్టాలి. పళ్ళ చక్రం మీద ఫిల్మ్ రంధ్రాలు కూర్చున్నాయో లేదో బొటనవేలు కొసతో తెలుసుకోవాలి. సరిగ్గా కూర్చుంటే వేలికి సన్నగా గరుకు తగులుతుంది, ఒక్క పన్ను తప్పినా ఆ చోట నున్నగా ఉంటుంది. ఏప్రిల్ ఎండలో, టెంపో పక్క నీడలో ఈ పని చేస్తుంటే చేతులకు పట్టిన చెమట ఫిల్మ్‌కి అంటకూడదు. చెమట చుక్క పడితే ఎమల్షన్ (బొమ్మ పడే పూత) మీద మచ్చే. అందుకని లోపల అరచేతులు వాడకుండా ఫిల్మ్‌ని అంచుల మీదే పట్టుకోవడం అలవాటైంది. ఇప్పటికీ నేను పుస్తకం పేజీలు అంచు పట్టుకునే తిప్పుతాను.

అలా రెండు నెలలు పాడైన రోలు మీదే సాధన చేశాను. ఆ తర్వాత ఒకరోజు సెట్ మధ్యలో, ఎవరికీ చెప్పకుండా, నా చేతికి అసలు డబ్బా ఇచ్చారు.

లెక్కలు ఇప్పటికీ నోటికి ఉన్నాయి. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు పోతుంది. అంటే 400 అడుగుల రోలు నాలుగున్నర నిమిషాలు కూడా రాదు, 4 నిమిషాల 26 సెకన్లు. వెయ్యి అడుగుల రోలైతే 11 నిమిషాల చిల్లర. రెండున్నర గంటల సినిమా చివరికి 13,500 అడుగులు. ఒక్కో షాట్ సగటున ఐదు సార్లు తీశామనుకుంటే 67,500 అడుగుల నెగటివ్ కొనాలి, కడగాలి. పాటలు వస్తే లెక్క ఇంకా బిగుసుకునేది. స్లో మోషన్‌లో పెదాల కదలిక కుదరాలంటే పాటని రెట్టింపు వేగంతో వేసి, కెమెరాని 48 ఫ్రేముల్లో నడిపేవాళ్ళం. అప్పుడు 400 అడుగులు రెండు నిమిషాల పదమూడు సెకన్లకే ఖాళీ. ఆరీ 435 కెమెరా 150 ఫ్రేముల దాకా వెళ్ళేది. ఆ వేగంలో రోలు మొత్తం 43 సెకన్లు. ఫైట్ షాట్‌కి అద్దం పగిలేదాకా కెమెరా అరుస్తూ ఉంటే, మేగజైన్ మీద చెయ్యి పెట్టి లోపల తిరిగే రోలు బరువు తగ్గడం పసిగట్టేవాణ్ణి.

కెమెరా చప్పుడు గురించి కూడా చెప్పాలి. మన సినిమాలకు చాలా వరకు డైలాగు తర్వాత డబ్బింగ్‌లో చెప్పుకునేవాళ్ళు. కనుక కెమెరా ఎంత చప్పుడు చేసినా ఇబ్బంది లేదు. "రోల్ కెమెరా" అనగానే ఆరీ త్రీ కుట్టుమిషన్‌లా మొదలయ్యేది. ఆ చప్పుడు వినగానే సెట్‌లో ప్రతివాడి వెన్నూ నిటారుగా అయ్యేది. లైట్‌మ్యాన్ బీడీ ఆర్పేవాడు, ప్రొడక్షన్ మేనేజర్ ఫోను పెట్టేసేవాడు. ఆ చప్పుడు నడిచినంతసేపూ అడుగులు పోతున్నాయని అందరికీ తెలుసు. అందుకే రిహార్సల్స్ ఎన్నైనా అయ్యేవి, టేకులు మాత్రం తక్కువ. నాలుగు రిహార్సల్స్ తర్వాత ఒక పెద్ద నటుడు మొదటి టేక్‌లోనే ముగించడం ఎన్నోసార్లు చూశాను. ఆ టేక్ ఎలా వచ్చిందో ఆ క్షణంలో తెలిసింది వ్యూ ఫైండర్‌లో కన్ను పెట్టిన ఒక్క మనిషికే.

ఇప్పటివాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం. అప్పుడూ వీడియో అసిస్ట్ అని చిన్న మానిటర్ ఉండేది. కానీ దానిలో బొమ్మ వణుకుతూ, మసకగా కనిపించేది. ఫ్రేము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడానికి తప్ప, ఫోకస్ ఉందా, ముఖం మీద వెలుగు ఎంత పడింది అనే వాటికి పనికొచ్చేది కాదు. వెలుతురు లెక్క గురువుగారి మెడలో వేలాడే మీటర్‌లో, ఆయన తలలో ఉండేది. ఫోకస్ లెక్క అసోసియేట్ చేతిలోని టేపులో ఉండేది. కెమెరా పక్కన ఫిల్మ్ నిలిచే చోటుకి గుర్తుగా ఒక సున్నా, దాన్ని కోస్తూ ఒక గీత ఉంటాయి. టేపు అక్కడ తగిలించి నటి కంటిదాకా కొలిచేవాడు. ఏడడుగుల నాలుగంగుళాలు. ఆమె రెండడుగులు ముందుకొస్తే ఐదడుగుల నాలుగు. నేల మీద సుద్దతో గుర్తులు. అంతే. బొమ్మ ఎలా వచ్చిందో మర్నాడు ల్యాబ్ నుంచి ఫోను వచ్చేదాకా దేవుడికే తెలియాలి. దర్శకుడికీ నిర్మాతకీ కోట్లు పెట్టిన ఆ బొమ్మ కనిపించేది కాదు. కెమెరామెన్ మాట మీద నమ్మకంతో "ఓకే, నెక్స్ట్ షాట్" అనేవాళ్ళు.

ఆ నమ్మకం మొత్తం మొదలయ్యేది నల్ల సంచిలో నా చేతుల దగ్గర. అది నాకు 2004 ఫిబ్రవరిలో బాగా తెలిసొచ్చింది.

పాపికొండల దగ్గర ఏడు రోజుల షెడ్యూల్. దేవీపట్నం నుంచి లాంచీలో వెళ్ళి గోదావరి మీదే షూటింగ్. మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి నీళ్ళ మీద పొగమంచు కమ్మింది. రెండు కొండల మధ్య నుంచి లాంచీ రావాలి, ముందు కొసన హీరోయిన్ నిలబడి ఉండాలి. వెలుతురు చాలా తక్కువ కాబట్టి 500 స్పీడు నెగటివ్, కొడక్ 5218 లోడ్ చేశాను. 180 అడుగులు తీసేసరికి సూర్యుడు కొండ దాటాడు. ఇక పగటి నెగటివ్‌కి మారాలి. లాంచీ అడుగున, తడి చెక్కల మీద కూర్చుని, మేగజైన్‌లో ఉన్న ఫిల్మ్‌ని రెండుగా వేరు చేశాను. తీసిన 180 అడుగులు ఒక డబ్బాలో. తియ్యని 220 అడుగుల షార్ట్ ఎండ్ ఇంకో డబ్బాలో. రెండూ దాదాపు ఒకే బరువు. టేపు చుట్టి, పేర్లు రాసి అతికిస్తుండగానే పైనుంచి పిలుపు. లాంచీ అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. నేను తిరిగి వచ్చేసరికి రెండు టేపులూ తడికి ఊడి చెక్కల మీద పడి ఉన్నాయి. ఏ డబ్బా ఎటుపక్క పెట్టానో గుర్తుందనుకున్నాను. ఆ గుర్తు మీదే పేర్లు మళ్ళీ అంటించాను. ఎవరినీ అడగలేదు. సంచిలో పెట్టి చూసుకోవలసింది, అదీ చెయ్యలేదు.

ఆ రాత్రి తీసిన డబ్బాలన్నీ ప్రొడక్షన్ కుర్రాడు రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్ళాడు. మర్నాడు సాయంత్రం పేరంటాలపల్లి దగ్గర, వెలుతురు పోతున్న వేళ, ఒక ముసలావిడ మెట్ల మీద దీపం పెట్టే షాట్. మళ్ళీ 500 స్పీడు కావాలి. షార్ట్ ఎండ్ అని నేను రాసిన డబ్బా తీసి లోడ్ చేశాను. కొసకి టేపు ముక్క లేదు. షార్ట్ ఎండ్‌కి టేపు ఉండదు కదా అనుకున్నాను. తీసేసిన రోలుకి కూడా ఉండదు.

ఎనిమిదింటికి రాజమండ్రి లాడ్జీకి ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. రిసెప్షన్ కౌంటర్ దగ్గర గురువుగారు రిసీవర్ పట్టుకుని రెండు నిమిషాలు విన్నారు, మాట్లాడలేదు. పెట్టేసి నా వైపు చూసి, "అబ్బాయ్, పొద్దుటి మంచు రోలు ఖాళీ అంట. కడిగితే మొదట్నుంచి చివరి దాకా నారింజ రంగు పట్టీ తప్ప ఏం లేదంట" అన్నారు. ఆయన ఆ మాట ముగించేలోపే నాకు మొత్తం అర్థమైంది. ఖాళీ రోలు ల్యాబ్‌కి వెళ్ళింది. మంచులో లాంచీ ఉన్న రోలు మీద ముసలావిడ దీపం పెట్టింది.

ఆ రెండో రోలు కూడా కడిగించారు, ఏం పనికొస్తుందో చూద్దామని. హైదరాబాద్ వచ్చాక గురువుగారు నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్ళి లైట్ టేబుల్ మీద పెట్టి చూపించారు. తీసిన రోలులో చివర తీసిన భాగమే పైకొసగా ఉంటుంది. దాన్ని మళ్ళీ లోడ్ చేస్తే తలకిందులుగా, వెనక నుంచి ముందుకి నడుస్తుంది. అందుకని ప్రతి ఫ్రేములోనూ కింద మెట్లూ, దీపమూ, ముసలావిడ వంగిన వీపూ. పైన ఆకాశం ఉండవలసిన చోట గోదావరి. ఆ నీళ్ళకి తలకిందులుగా వేలాడుతూ లాంచీ, దాని కొసన తల కిందికి పెట్టి హీరోయిన్. ఫ్రేము గీతలు కూడా కలవలేదు, దీపం మధ్యలోంచి నల్లటి అడ్డగీత పోయింది. గురువుగారు కత్తెరతో ఆరు ఫ్రేములు కత్తిరించి కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ కవరు నా బీరువాలో ఉంది.

లొకేషన్‌లో జరిగింది ఇంకొంచెం ఉంది. ఫోను వచ్చిన రాత్రే దర్శకుడి గదికి వెళ్ళి, "నా డిపార్ట్‌మెంట్‌లో తప్పు జరిగింది, రెండు షాట్లూ మళ్ళీ తియ్యాలి" అని గురువుగారు చెప్పారు. నా పేరు చెప్పలేదు. తర్వాతి మూడు రోజులూ తెల్లవారుజామున నాలుగింటికే నీళ్ళ మీద ఉన్నాం. మంచు రాలేదు. చివరికి మామూలు పొద్దు వెలుగులో తీశారు. సినిమాలో ఉన్నది ఆ షాటే. బాగానే ఉంటుంది, కానీ నాకు ఆ చోటు రాగానే కడుపులో తిప్పినట్టవుతుంది. ఇక నన్ను సంచి ముట్టుకోనివ్వరనుకున్నాను. మర్నాడు పొద్దున ఆయనే సంచి తెచ్చి నా ఒళ్ళో పడేసి, "టేపు ముందు రాసుకుని, ఆ తర్వాత చేతులు లోపల పెట్టు" అన్నారు. అప్పటినుంచి తియ్యని ఫిల్మ్‌కి తెల్ల టేపు, తీసినదానికి ఎర్ర టేపు, సంచి ముట్టుకునే ముందే రాసి మణికట్టుకి అంటించుకోవడం నా పద్ధతి.

ఇది ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఫిల్మ్ అంటే రంగులూ గ్రెయినూ అని అందరూ మాట్లాడుతుంటారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ మా అలవాట్లన్నిటికీ, భయాలకూ, ఆ నమ్మకాలకూ మూలం ఒక్కటే: అసలు నెగటివ్ ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్కటి ఉంటుంది. దాన్ని పారేస్తే ఇంకోటి లేదు.

బొమ్మ సంగతి కూడా చెబుతాను, కలరిస్ట్ అబ్బాయి అడిగింది అదే కదా. ఫిల్మ్‌లో వెండి లవణాల రేణువులు చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక ఫ్రేములో ఉన్న అమరిక పక్క ఫ్రేములో ఉండదు. రంగుల నెగటివ్‌ని కడిగేటప్పుడు వెండి పోయి ఆ చోట రంగు మబ్బులు మిగులుతాయి. అందుకే కదలని గోడని తీసినా తెర మీద ఆ గోడ సన్నగా సజీవంగా ఉంటుంది. డిజిటల్ సెన్సర్‌లో గళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. మీరు పైనుంచి వేసే గ్రెయిన్ బొమ్మ మీద పరిచిన పల్చటి గుడ్డలా కనిపించడానికి కారణం అదే. ఫిల్మ్‌లో గ్రెయినే బొమ్మ.

ఇంకో తేడా ఎండలో తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఇసుక తిన్నె మీద తెల్ల పంచె కట్టుకున్న మనిషిని నిలబెట్టండి. ఫిల్మ్‌లో వెలుగు ఎక్కువైనా పంచె మడతలు మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి తెలుపులో కలుస్తాయి, ప్రింట్ వేసేటప్పుడు కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు కూడా. మేం ఎప్పుడూ కాస్త ఎక్కువ వెలుగే ఇచ్చేవాళ్ళం. డిజిటల్‌లో ఒక హద్దు దాటితే మడతలన్నీ ఒక్కసారిగా మాయమై తెల్ల కాగితం మిగులుతుంది. అందుకే ఇప్పుడు వెలుగుని కాపాడుకుంటూ, నీడల్ని తర్వాత పైకి లేపుకుంటూ తీస్తాం. చేతికి పట్టిన అలవాటుని తిరగేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

రాత్రి విషయంలో మాత్రం డిజిటల్‌కి చేతులెత్తి దండం పెడతాను. మూడేళ్ళ క్రితం రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర ఒక సీను తీశాం. గాజుల దుకాణాల బల్బులు, హలీం బట్టీ మంట, బండి మీద పళ్ళవాడి ఎల్ఈడీ. అంతకుమించి మేం పెట్టిన లైటు ఒక్కటీ లేదు. సోనీ వెనిస్ కెమెరాని 2500 స్పీడులో పెట్టి, నలుగురమే జనంలో కలిసిపోయి తీశాం. ఫిల్మ్ రోజుల్లో ఆ వీధికి జనరేటర్ వ్యాను రావాలి, కేబుళ్ళు లాగాలి, జనాన్ని ఆపాలి. ఆపితే ఇక అది చార్మినార్ కాదు. ఆ సీనులో అమ్మాయి ముఖం మీద గాజుల రంగులు కదిలినట్టు 5218 మీద ఎన్నటికీ తీయలేకపోయేవాణ్ణి. అలాగే చేతిలో డబ్బు లేని పిల్లలు ఈరోజు సినిమా తీయగలుగుతున్నారంటే రా స్టాక్ (ఖాళీ ఫిల్మ్) ఖర్చు లేకపోవడమే కారణం. శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ వచ్చిన కుర్రాళ్ళు వాళ్ళ ఊరి కథలు వాళ్ళే తీస్తున్నారు. ఆ తలుపు మళ్ళీ మూసుకోవాలని నేను ఎప్పుడూ కోరుకోను.

మారడం చాలా తొందరగా జరిగిపోయింది. 2010లో ఆరీ వాళ్ళ డిజిటల్ కెమెరా అలెక్సా వచ్చింది. 2012 జనవరిలో కొడక్ దివాలా రక్షణ కోరింది. 2013కల్లా ఫ్యూజీ సినిమా నెగటివ్ తయారీ ఆపేసింది. మన దగ్గర ల్యాబుల్లో కడిగే మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. 2015లో వచ్చిన మొదటి బాహుబలిని కె.కె. సెంథిల్ కుమార్ గారు అలెక్సా మీద తీశారు. అంత పెద్ద సినిమా అలా వచ్చేసరికి ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. సెట్‌లో పెద్ద మానిటర్లు వచ్చాయి. దర్శకుడు, అసిస్టెంట్లు, మేకప్, కాస్ట్యూమ్స్, హీరో మేనేజర్, అందరూ అదే బొమ్మ అదే క్షణంలో చూస్తారు. ఫోకస్ తప్పితే వెంటనే తెలుస్తుంది, నా అసిస్టెంట్ పిల్లలు ల్యాబ్ ఫోను కోసం నిద్ర లేకుండా ఎదురుచూడక్కర్లేదు. ఆ టెన్షన్ పోయినందుకు సంతోషమే. కానీ కట్ చెప్పకుండా "రోలింగ్‌లోనే మళ్ళీ చేద్దాం" అంటూ ఇరవై నిమిషాలు నడిచే టేకులు చూస్తుంటే, నటి కళ్ళలో ఏడో సారికి వెలుగు తగ్గడం నాకు మానిటర్‌లోనే కనిపిస్తుంది. ఎవరికైనా చెబితే, "కార్డులో చోటుంది కదా సార్" అంటారు.

చోటుంది. కాపీలూ ఉన్నాయి. కానీ కాపీలు ఎన్నో ఉంటే, ఏ ఒక్కదానినీ ఎవరూ తమదిగా చూసుకోరు.

నేను సొంతంగా కెమెరా చేసిన మొదటి సినిమా 2013లో, కడప జిల్లాలో, ఇరవై నాలుగు రోజుల్లో తీశాం. డిజిటల్. ఊళ్ళోనే ఉండే ఒక పెద్దావిడ అవ్వ పాత్ర వేసింది. అరుగు మీద కూర్చుని, కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయి, వాన కోసం పాడే పాట మొత్తం పాడింది. తొమ్మిది నిమిషాలు. సినిమాలో నలభై సెకన్లు మాత్రమే వాడారు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆవిడ పోయిందని మనవడు ఫోను చేసి, ఆ పాట పూర్తిగా దొరుకుతుందా అని అడిగాడు. రెండు హార్డ్ డిస్కులు ఉండేవి. ఆఫీసులో ఉన్నది కరెంటు పెడితే తిరగలేదు, లోపల టిక్ టిక్ మని చప్పుడు చేసి ఆగిపోయింది. ఎడిటింగ్ గదిలో ఉన్నదాన్ని ఎప్పుడో ఫార్మాట్ చేసి వేరే సినిమాకి వాడేశారు. రికవరీ వాళ్ళ దగ్గరికి నేనే పట్టుకెళ్ళాను, కాలేదు. ఆ మనవడికి ఇవ్వడానికి నా దగ్గర నలభై సెకన్లే మిగిలాయి.

అదే సమయంలో 2004 నాటి ఆ పాపికొండల సినిమా నెగటివ్‌ని పెట్టెల్లోంచి తీసి 4కెలో స్కాన్ చేశారు. పాత హిట్లు మళ్ళీ థియేటర్లకు వస్తున్నాయి కదా, ఆ వరసలో. స్కానింగ్ చూడటానికి నన్నూ పిలిచారు. డబ్బా మూత తీస్తే మీద నా చేతిరాత. రోలు తాజాగా ఉంది. తెర మీద గోదావరి, మేం 2004లో ఏ థియేటర్‌లోనూ చూడనంత స్పష్టంగా కనిపించింది. కొండ మీద చెట్టు చెట్టూ విడిగా తెలుస్తోంది.

ఫిల్మ్ అన్నిటినీ కాపాడుతుందని అనను. మన మొదటి తెలుగు టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద, ఈరోజు చూడటానికి లేదు. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ సంరక్షణ మీద వర్క్‌షాప్ పెట్టారు. అక్కడ ఒక డబ్బా మూత తీయగానే ఊరగాయ జాడీలోకి వెనిగర్ ఒంపినట్టు ఘాటు వాసన కొట్టింది. ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకీ పులిసి, ముడుచుకుపోయి, చివరికి పెళుసుగా విరిగిపోతుంది. మన వాతావరణంలో ఇంకా తొందరగా. చల్లగా, పొడిగా ఉంచితే మాత్రం మన మనవల తరం కూడా చూస్తుంది. ఆస్కార్ ఇచ్చే అమెరికా అకాడమీ 2007లో ఒక లెక్క కట్టింది. ఒక సినిమా 4కె డిజిటల్ మాస్టర్‌ని దాచడానికి ఏడాదికి 12,514 డాలర్లు, ఫిల్మ్ మీద దాచడానికి 1,059. డిస్కులూ టేపులూ కొన్నేళ్ళకోసారి కొత్తవాటికి మార్చుకుంటూ పోవాలి కాబట్టి అంత తేడా. ధరలు ఇప్పుడు మారి ఉంటాయి, మార్చుకుంటూ పోవాల్సిన పని మాత్రం మారలేదు. అందుకే నేను ఇప్పుడు ఒప్పుకునే ప్రతి సినిమాకీ ఒకటే అడుగుతున్నాను: ఎల్‌టీఓ టేపు (డేటా దాచే మాగ్నెటిక్ టేపు) మీద రెండు కాపీలు, రెండు వేర్వేరు ఊళ్ళలో, వాటిని ఎవరు చూసుకుంటారో ఆ మనిషి పేరు కాగితం మీద. నిర్మాతలు మొదట విసుక్కుంటారు. అవ్వ పాట సంగతి చెబుతాను. ఎక్కువమంది ఒప్పుకుంటారు.

రెండు వారాల క్రితం ఒక యువ దర్శకురాలు తన మ్యూజిక్ వీడియోలో రెండు నిమిషాల భాగం 16 ఎంఎం మీద తియ్యాలని పట్టుబట్టింది. ఆరీ ఎస్ఆర్ త్రీ కెమెరా, రెండు మేగజైన్లు అద్దెకి తెచ్చారు. నాలుగు వందల అడుగుల రోళ్ళు రెండు. 16 ఎంఎంలో అడుగుకి 40 ఫ్రేములు కాబట్టి ఒక్కోటి 11 నిమిషాలు వస్తుంది. కడగడానికి రాష్ట్రం బయటికి పంపాలి, బొమ్మ చూడటానికి పది రోజులు ఆగాలి. నన్ను పిలిచింది లోడ్ చెయ్యడానికే. నేను చెయ్యలేదు. నా అసిస్టెంట్ అమ్మాయి ఉంది, విజయనగరం పిల్ల, రెండేళ్ళుగా నా దగ్గరే డేటా పని చూస్తోంది. వారం ముందు నుంచి పాత రోలు ఇచ్చి సాధన చేయించాను. ఎదురుగా ఉన్న గోడని చూస్తూ.

షూటింగ్ రోజు వికారాబాద్ దగ్గర ఒక పాత పెంకుటింటి వసారాలో కూర్చుంది. చేతులు సంచిలోకి పెట్టబోయి ఆగింది. టేపు చుట్ట తీసి, తెల్ల ముక్క చింపి రాసి, ఎర్ర ముక్క చింపి రాసి, రెండూ ఎడమ మణికట్టుకి అంటించుకుంది. నేను చెప్పలేదు. నా మణికట్టు చూసి నేర్చుకున్నట్టుంది. తర్వాత చేతులు లోపల పెట్టి, పెరట్లో సపోటా చెట్టు వైపు చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలైంది. ఎవరూ మాట్లాడలేదు. దర్శకురాలు కూడా టీ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది.

"సార్, గరుకు తగులుతోంది" అంది.

"అన్ని పళ్ళ మీదా?"

వేలు ఇంకోసారి తిప్పి చూసుకుంది. "అన్నిటి మీదా."

"మూత వెయ్యమ్మా" అన్నాను.